అన్నపూర్ణ బిడ్డల ఆకలి

కృష్ణా డెల్టాలో పిల్లల ఆకలి గురించి మాట్లాడబోతే మన పెద్దమనుషులకు నవ్వు వస్తుంది. ‘ఆకలి గురించి అనంతపురంలో మాట్లాడండి, ఆదిలాబాదులో మాట్లాడండి. ఇది అన్నపూర్ణ. ఇక్కడ కుక్క కూడా వరన్నమే తింటుంది’ అంటారు. ఈ మాట నేను కాలేజీ స్టాఫ్ రూములో విన్నాను, పెళ్లి పందిళ్లలో విన్నాను, సాహిత్య సభల వేదికల మీద కూడా విన్నాను. ఇందులో నిజం లేకపోలేదు. ఇక్కడ అన్నం వుంది. కాని అన్నం వుండటమూ ఆకలి లేకపోవటమూ ఒకటే అనుకోవటంలోనే మోసమంతా వుంది.

ముందు లెక్కలు చూద్దాం. 2019-21 మధ్య జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదు. దాదాపు 30 మంది వయసుకు తగ్గ బరువు లేరు. ఆరు నెలలు నిండి అయిదేళ్లు నిండని పిల్లల్లో 63 మందికి రక్తహీనత వుంది. 15 నుంచి 49 ఏళ్ల వయసు స్త్రీలలో 59 మందికి రక్తహీనత వుంది. అంతకు ముందు 2015-16లో జరిగిన సర్వేలో ఎత్తు ఎదగని పిల్లలు 31.4 శాతం, తర్వాతి సర్వేలో 31.2 శాతం. పిల్లల రక్తహీనత అయితే 58.6 నుంచి 63.2 శాతానికి పెరిగింది. ఈ మధ్యలో ప్రభుత్వం మారింది, పథకాల పేర్లు మారాయి. ఎదగని పిల్లవాడు మటుకు ఎక్కడివాడు అక్కడే వున్నాడు.

ఇది రాష్ట్రం మొత్తానికి లెక్క, డెల్టాకు కాదు అని ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. వరన్నం సమృద్ధిగా వుంటే పిల్లలు వాళ్లంతట వాళ్లే ఎదుగుతారన్న నమ్మకం ఈ అభ్యంతరం వెనక వుంది. ఆ నమ్మకం తప్పని చూపించటానికి అనంతపురం వెళ్లనక్కర్లేదు. డెల్టా చరిత్రే చాలు.

1832-33లో వచ్చిన నందన కరువులో గుంటూరు సీమ లక్షమందికి పైగా జనాన్ని పోగొట్టుకున్నది. ఆ తర్వాత 1855 నాటికి విజయవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టారు. ఆ పాత ఆనకట్ట 1952లో తెగితే ఇవాళ్టి ప్రకాశం బరాజ్ వచ్చింది. దాని కింద దాదాపు 13 లక్షల ఎకరాలు పారుతున్నాయి. జనం రోడ్ల పక్కన పడి చచ్చే కరువు ఈ గడ్డమీద మళ్లీ రాలేదు. ఇది చిన్న విషయం కాదు. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాడు చరిత్ర తెలియనివాడు.

అయితే కాలవల వెంట ధాన్యం, ధాన్యం వెంట మిల్లులు వచ్చాయి. రోకటిపోటుతో దంచుకునే బియ్యం పోయి మరలో తెల్లగా పాలిషు పట్టిన బియ్యం వచ్చింది. దక్షిణాదిన చాలా జిల్లాలవాళ్లు ఉప్పుడు బియ్యం తినేవారు. ధాన్యాన్ని పొట్టుతోపాటే వుడకబెట్టి ఎండబెట్టి దంచితే, తౌడులో వున్న సారం కొంత గింజలోకి దిగుతుంది. మిల్లు పట్టినా అది పూర్తిగా పోదు. మన ఉత్తర సర్కారుల వాళ్లకు ఉప్పుడు బియ్యం నచ్చదు. పచ్చి ధాన్యాన్నే మిల్లు పట్టించి, బియ్యాన్ని నాలుగుసార్లు కడిగి, గంజి వార్చి తింటారు. పాలిషు పట్టిన బియ్యానికీ బెరిబెరి జబ్బుకూ వున్న సంబంధం 1890లలోనే జావాలో ఐక్మన్ అనే డచ్చి వైద్యుడి కోళ్ల ప్రయోగాల్లో బయటపడింది. అందుకు 1929లో ఆయనకు నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. ఆ జబ్బు మద్రాసు రాజధాని మొత్తంలో గూడు కట్టుకున్న చోటు మన సర్కారు తీరమే.

పెద్దవాళ్లకు ఆ జబ్బు వస్తే కాళ్లు తిమ్మిరెక్కేవి, నీరు పట్టేది. పసివాళ్ల సంగతి అంతకన్న ఘోరం. కూనూరు పోషకాహార పరిశోధనశాలకు డైరెక్టరుగా వున్న అక్రాయిడ్, ఆయనతో కలిసి పనిచేసిన కృష్ణన్ 1941లో ఈ ప్రాంతపు శిశు మరణాల మీద ఒక పరిశోధన ప్రకటించారు. పుట్టిన తొలి వారాలు గడిచి ఇక గండం తప్పిందనుకున్న పిల్లలు, రెండు మూడు నెలల వయసులో ఇక్కడ మిగతా జిల్లాలకన్న ఎక్కువమంది చనిపోతున్నారు. తల్లి తినే తెల్లన్నంలో బి1 విటమిను లేదు; అందువల్ల తల్లి పాలలోనూ లేదు. బిడ్డ కడుపునిండా పాలు తాగుతూనే చనిపోతున్నాడు. ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి ఇవాళ జాతీయ పోషకాహార సంస్థగా వుంది. సాగునీరున్న చోట, ధాన్యం పండే చోట, అన్నం తినే తల్లి ఒళ్లో బిడ్డ పోషకాహార లోపంతో చనిపోయాడన్నది ఎవరో కవి కల్పించింది కాదు. ‘అన్నపూర్ణ’ అన్న బిరుదు పెట్టుకుని మురిసే ప్రతివాడూ ఈ సంగతి తెలుసుకోవాలి.

మిల్లులో గింజ మీదినుంచి తీసేసిన తౌడు ఎక్కడికి పోయింది? గేదెకు పోయింది. గేదె ఇచ్చిన పాలు ఎక్కడికి పోయాయి? పట్నానికి పోయాయి. గేదెను మేపిన పాలేరు కొడుక్కు మిగిలింది సారం పోయిన అన్నమూ, గంజీ. డెల్టాలో ఆకలి ఎట్లా తయారవుతుందో చెప్పటానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు తెలీదు. ఇక్కడ తిండి పుష్కలంగా పుడుతుంది. పుట్టిన తిండిలో సారం వున్నదంతా ధర పలికే చోటికి నడిచిపోతుంది. ధర లేనిది పండించినవాడి కంచంలో మిగులుతుంది.

తెల్లన్నం మీద మోజు జనం అజ్ఞానమని కొందరు అంటారు. నేను తెలుగు పాఠం చెప్పేవాణ్ణి గనక దీనికి ఒక జవాబు చెప్పగలను. శ్రీనాథుడి పేర చెప్పుకునే చాటువుల్లో పలనాటి జొన్నకూటి మీద ఎంత ఎగతాళి వుందో నేను ఏటా తరగతిలో చెబుతూనే వుంటాను. విద్యార్థులు నవ్వుతారు. జొన్న కూడు తినేవాడు మోటువాడనీ, సన్నన్నం తినేవాడు రసికుడనీ అయిదారు వందల ఏళ్లుగా మన సాహిత్యం బోధించింది. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 344 మిల్లీగ్రాముల కాల్షియం వుంటే మిల్లు బియ్యంలో పది మిల్లీగ్రాములకు మించి లేదు. అయినా రాగి సంకటి కూలివాడి గుర్తు, తెల్లన్నం కామందు గుర్తు. కూలివాడు తన కొడుక్కు కామందు కంచంలోని అన్నమే పెట్టాలని కోరుకోవటం అజ్ఞానం కాదు. అవమానం నుంచి బయటపడాలన్న తాపత్రయం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు పేదవాళ్లు దాన్ని పండగలా చేసుకున్నది ఇందుకే. ఆ పథకం లక్షల ఇళ్లలో పొయ్యి వెలిగించింది. కాని కామందు కంచంలో అన్నం పక్కన పప్పూ, కూరా, పెరుగూ, చేపా వుంటాయి. ప్రభుత్వం పేదవాడికి అన్నం ఒక్కటే చవగ్గా ఇచ్చి, పక్కన వుండవలసినవన్నీ బజారుకు వదిలేసింది.

ఆ బజారు సంగతి ఇవాళ ఎట్లా వుందో చూడండి. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటిది. దేశంలో గుడ్డు ధర రోజూ ప్రకటించే పట్టికలో విజయవాడకు ఒక గడి వుంది. చేపల ఉత్పత్తిలోనూ మనమే మొదట. కైకలూరు, ఆకివీడు చెరువుల చేప ఐసుపెట్టెల్లో బెంగాలుకూ అస్సాముకూ పోతుంది. రొయ్య అమెరికా పోతుంది. విజయవాడలో 1960ల ఆఖరున పాల కర్మాగారం పెట్టటానికి తోడ్పడింది ఐక్యరాజ్య సమితి బాలల నిధి. బాలల పేర వచ్చిన సాయంతో మొదలైన పాల వ్యాపారం పల్లెపల్లెకూ విస్తరించింది. పొద్దున్నే పాలన్నీ కేంద్రానికి పోసివచ్చిన ఇంట్లో పిల్లవాడు నల్లటీ తాగటం మా పల్లెల్లో వింత కాదు.

వ్యాపారం వద్దని నేను అనటం లేదు. రైతుకు పాల డబ్బు కావాలి, చేప డబ్బు కావాలి. కాని అదే సమయంలో డబ్బు పెట్టకుండా దొరికే తిండి పోయింది. పంట కాలవల్లో, వరిచేలల్లో జెల్లలూ, మట్టగిడసలూ, పీతలూ, నత్తలూ కూలివాళ్ల పిల్లలు తామే పట్టుకుని తినేవారు. గట్ల మీద పొన్నగంటి, గలిజేరు, చెంచలి మొలిచేవి. పురుగుమందులూ కలుపుమందులూ వాటిని తుడిచిపెట్టాయి. వరిచేలు చేపల చెరువులైన చోట చెరువుకు కాపలావాడు వచ్చాడు. ఒకప్పుడు చేప పట్టుకోవటం పిల్లవాడి ఆట. ఇప్పుడు అది దొంగతనం.

2025లో అమెరికా మన సరుకుల మీద సుంకాలు 50 శాతం దాకా పెంచినప్పుడు రొయ్య అమ్ముడుపోక గగ్గోలు పుట్టింది. అప్పుడు మన పాలకులకు ఒక ఆలోచన తట్టింది: స్థానికంగా రొయ్యల వాడకం పెంచాలట! డెల్టా బిడ్డలకు కూడా నోళ్లున్నాయన్న సంగతి మనకు అమెరికా సుంకం వేసి గుర్తు చెయ్యవలసి వచ్చింది.

ఈ పరిస్థితికి పాలకులు చూపిన గొప్ప మందు బియ్యంలో ఇనుము కలపటం. 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి ఎర్రకోట మీద నుంచి ప్రకటించారు. 2024 మార్చి నాటికి ప్రభుత్వ పంపిణీ బియ్యమంతటా ఇనుమూ, ఫోలిక్ ఆమ్లమూ, బి12 కలిపిన కృత్రిమపు గింజలు నూటికి ఒకటి చొప్పున చేరాయి. చవకలో పని అయిపోయిందనుకున్నారు. నేను విజ్ఞానశాస్త్రానికి విరోధిని కాను. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన మన గర్వకారణం. గర్భిణికి ఆ మాత్ర కావాలి, తప్పకుండా ఇవ్వాలి. కాని మందు వేరు, తిండి వేరు. మిల్లు గింజలో వున్న సారాన్ని గీకి తీసేసి, ఆ తర్వాత కర్మాగారంలో తయారైన సారాన్ని డబ్బు పెట్టి కొని కలిపి, దానికి సంస్కరణ అని పేరు పెట్టటం ఏం న్యాయం? ఇనుము కలిపిన బియ్యం తిన్నా కంచంలో పప్పు లేదు, గుడ్డు లేదు, ఆకుకూర లేదు. పిల్లవాడి కండ ఇనుముతో పెరగదు.

రెండో వాదం తల్లుల మీద నేరం మోపుతుంది. ‘తల్లులకు ఏం పెట్టాలో తెలీదు. వాళ్లకు అవగాహన కల్పించాలి’ అంటారు. ఏటా సెప్టెంబరులో పోషణ మాసం జరుపుతారు, ముగ్గులు వేయిస్తారు, ప్రతిజ్ఞ చేయిస్తారు. తల్లికి తెలియనిదేమిటో చూద్దాం. నాట్ల రోజుల్లో వ్యవసాయ కూలి స్త్రీ తెల్లవారక ముందే లేచి అన్నం వండి, ఆటోలో మరో పదిమందితో కిక్కిరిసి పొలానికి పోతుంది. ఏడాది బిడ్డను ముసలిదానికో, బడి మానిపించిన పెద్ద కూతురికో అప్పగిస్తుంది. ఏడాది బిడ్డ పొట్ట చిన్నది. రోజుకు నాలుగైదుసార్లు మెత్తగా, కొంచెం కొంచెంగా తినిపించాలి. ఆ సంగతి ఆమెకు తెలుసు. తినిపించటానికి ఆమె అక్కడ లేదు. ఆమె నడుము వంచిన ఆ గంటలే మనకు ధాన్యమయ్యాయి. బిడ్డకు చెందవలసిన గంటలను పొలం కొనుక్కున్నది. అవగాహన కల్పించవలసింది ఎవరికి?

పిల్లవాడి ఎదుగుదల చాలావరకు తేలిపోయేది మొదటి రెండేళ్లలోనే. అప్పుడు పోయిన ఎత్తును తర్వాత తిరిగి తెచ్చుకోవటం చాలా కష్టం. మన రాష్ట్రంలో బడి భోజనంలో వారానికి అయిదు గుడ్లు పెడుతున్నారు. 2023 నుంచి రాగి జావ ఇచ్చారు. 2025 జనవరిలో ఈ విజయవాడ పాయకాపురంలోనే ప్రభుత్వ జూనియర్ కాలేజీ పిల్లలకు కూడా మధ్యాహ్న భోజనం మొదలుపెట్టారు. పొద్దున ఏమీ తినకుండా బస్సెక్కి వచ్చి రెండో పీరియడులో బల్ల మీద తల వాల్చే ఆడపిల్లలను చూసినవాణ్ణి గనక ఇది ఎంత అవసరమో నాకు తెలుసు, దీన్ని మెచ్చుకుంటాను. కాని బడికి వచ్చేది అయిదేళ్లవాడు. నష్టం అంతకు ముందే జరిగిపోయింది. మూడేళ్ల లోపు పిల్లలకు అంగన్వాడీలో వేడి భోజనం లేదు. వాళ్లకు ఇంటికి పొట్లాలిస్తారు. బాలామృతం పొట్లం ఇంటికి వస్తుంది, తల్లి ఇంట్లో వుండదు. ఆ పిండి ఇంటిల్లిపాదీ తింటారు. పేద ఇంట్లో అది తప్పూ కాదు.

2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం ఒక మంచి మాట రాసింది. ఆరేళ్ల లోపు పిల్లలు అయిదుగురో అంతకు మించో పనిచోటికి వస్తే వాళ్లను చూడటానికి ఒక స్త్రీని పెట్టాలి. ఇరవై ఏళ్లు ఆ చట్టం నడిచింది, 2025 ఆఖరున దాని స్థానంలో మరో చట్టం తెచ్చారు. ఈ ఇరవై ఏళ్లలో మా ప్రాంతపు పనిచోట్ల అట్లాంటి ఉయ్యాల నేను ఒక్కటీ చూడలేదు. 2013 నాటి ఆహార భద్రతా చట్టం గర్భిణికి 6,000 రూపాయలకు తక్కువ కాకుండా ఇవ్వాలన్నది. 2017లో వచ్చిన పథకం మొదటి కాన్పుకు 5,000 అన్నది. చట్టం రాసిన చేతికీ డబ్బులిచ్చే చేతికీ మధ్య వెయ్యి రూపాయలు మాయమయ్యాయి.

మూడో వాదం దానం. అన్నదానాన్ని మించింది లేదనే దేశం మనది. బడి భోజనానికి 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. గోదావరి లంకల గన్నవరంలో ఆకలిగొన్నవాళ్లకు వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన ఆ తల్లి మీద నాకు గౌరవం వుంది. అంతకు ముందు అదే భోజనానికి ఒక ముఖ్యమంత్రి పేరు వుండేది. పేరు ఎవరిదైనా సరే, ప్రశ్న ఒక్కటే: ఇది దాత పెట్టే అన్నమా, పిల్లవాడి హక్కా? ఈ అన్నం దేశమంతటికీ వచ్చింది ఎవరి దయవల్లా కాదు. పౌరహక్కుల ప్రజాసంఘం వేసిన కేసులో 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు బడుల్లో వండిన భోజనం పెట్టి తీరాలని ఉత్తర్వు ఇచ్చింది గనక వచ్చింది.

దాత లక్షణం ఏమిటంటే, తనకు తోచినంత పెడతాడు. మన కేంద్ర ప్రభుత్వం కూడా అంతే. బియ్యం కాక ప్రాథమిక పాఠశాల పిల్లవాడి భోజనానికి రోజుకు 6 రూపాయల 78 పైసలని 2025 మే నుంచి అమలయ్యేట్టు నిర్ణయించింది. అంగన్వాడీ పిల్లవాడికి 8 రూపాయలని 2017లో నిర్ణయించి, ఏళ్ల తరబడి దాన్ని కదపలేదు. వంట చేసే స్త్రీకి నెలకు 1,000 రూపాయలని 2009లో నిర్ణయించిన లెక్కను కూడా అట్లాగే వుంచింది. మన రాష్ట్రం 2019లో దాన్ని 3,000 చేసింది. రోజుకు నూరు రూపాయలు! నూరుమంది పిల్లలకు వండి వార్చే మనిషి తన పిల్లలకు గుడ్డు కొనలేదు.

ఈ దానం గుట్టు 2023-24 చలికాలంలో రట్టయింది. అంగన్వాడీ కార్యకర్తకు అప్పటి వేతనం నెలకు 11,500, సహాయకురాలికి 7,000. వేతనం పెంచమనీ, గ్రాట్యుటీ ఇమ్మనీ వాళ్లు 2023 డిసెంబరు 12న సమ్మెకు దిగారు. 42 రోజులు నిలబడ్డారు. జనవరి 6న ప్రభుత్వం అత్యవసర సేవల చట్టం ప్రయోగించింది. విజయవాడలో ధర్నా చేస్తున్నవాళ్లను అర్ధరాత్రి పూట వ్యానులెక్కించారు. ఇక్కడ ఒక చిన్న తర్కం వుంది. పిల్లలకు అన్నం పెట్టటం అత్యవసర సేవ అని సమ్మె నాడు ప్రభుత్వం ఒప్పుకున్నది. మరి జీతం ఇచ్చేనాడు అది సేవ కూడా కాదు, ‘గౌరవ వేతనం’ పుచ్చుకునే స్వచ్ఛంద కార్యం. ఆ స్త్రీలు ఉద్యోగులే కారట. అత్యవసరమైన పనిని ఉద్యోగం కాదనే విద్య మన పాలకవర్గానికే చేతనవును.

డబ్బెక్కడిది అని అడుగుతారు. దీనికి జవాబు ప్రపంచం వైపు చూస్తే తెలుస్తుంది. ప్రపంచంలో ఏటా పండే ధాన్యం 280 కోట్ల టన్నులు దాటింది; తలకు రోజుకు కిలో దరిదాపు. అయినా ఐక్యరాజ్య సమితి సంస్థల లెక్క ప్రకారమే 2024లో 67 కోట్ల మంది ఆకలితో వున్నారు. అయిదేళ్ల లోపు పిల్లల్లో 15 కోట్ల మంది ఎదుగుదల ఆగిపోయినవాళ్లు. 2030కల్లా ఆకలి లేకుండా చేస్తామని 2015లో అన్ని దేశాలూ సంతకాలు పెట్టిన కాగితం ఏమైందో ఎవరూ అడగటం లేదు. కృష్ణా డెల్టా కథే పెద్ద ఎత్తున ప్రపంచమంతటా జరుగుతున్నది: తిండి వుంది, అది ధర పలికే చోటికి పోతుంది.

అయితే ఇది మార్చలేనిది కాదు. బ్రెజిల్ 2009లో ఒక చట్టం చేసి, బడి భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతంతో చిన్న రైతు కుటుంబాల దగ్గరే సరుకు కొనాలన్నది. పిల్లవాడి కంచమూ రైతు బజారూ ఒకటయ్యాయి. ఆ దేశం 2025లో ఐక్యరాజ్య సమితి ఆకలి పటం నుంచి బయటపడింది. తమిళనాడు 2022 సెప్టెంబరులో ప్రాథమిక పాఠశాలల్లో పొద్దుటి పలహారం మొదలుపెట్టింది. కర్ణాటక 2023లో గ్రామ పంచాయతీల్లో కూలి తల్లుల పిల్లలకు ‘కూసిన మనె’ల పేర శిశుగృహాలు తెరవటం మొదలుపెట్టింది. ఇవేవీ స్వర్గం నుంచి వూడిపడలేదు.

డెల్టాకు ఏం కావాలో చెప్పటం కష్టం కాదు. నాట్లు, కోతల రోజుల్లో తల్లి పొలానికి వెళ్లినప్పటి నుంచి తిరిగి వచ్చేదాకా తెరిచివుండే శిశుగృహం ప్రతి వూళ్లోనూ, ప్రతి పేటలోనూ కావాలి. అందులో మూడేళ్ల లోపు బిడ్డకు వేడి భోజనం, గుడ్డు, పాలు కావాలి. ఆ సరుకు, మినుములూ పెసలూ చేపా పాలూ, ఈ డెల్టా చిన్న రైతుల దగ్గరా కౌలు రైతుల దగ్గరా గిట్టుబాటు ధరకు కొనాలి. అది వండి తినిపించే స్త్రీని ఉద్యోగి అని ఒప్పుకుని కనీస వేతనం ఇవ్వాలి. కాన్పుకు ముందూ వెనకా కూలి తల్లికి పోయిన కూలి మొత్తం చెల్లించాలి. చౌక దుకాణంలో బియ్యంతోపాటు పప్పూ నూనే చిరుధాన్యాలూ ఇవ్వాలి. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త పరిశోధన అక్కర్లేదు.

ఇక మన రచయితలకు ఒక మాట. తెలుగు కథలో ఆకలి అంటే ఖాళీ కుండ. కుండలో అన్నం కనబడగానే కథ అయిపోతుంది. ఖాళీ కుండ ఆకలి మీద గొప్ప కథలు వచ్చాయి, అవి రావలసిందే. కాని అన్నంతో నిండిన కంచం ముందు కూచున్న పిల్లవాడి ఆకలి మన సాహిత్యానికి ఇంకా ఆనలేదు. అది కంటికి కనబడని ఆకలి. కొలబద్ద మీద రెండంగుళాలుగా, రక్తపరీక్షలో రెండు పాయింట్లుగా, తరగతిలో వాల్చిన తలగా మాత్రమే కనబడుతుంది. అందుకే పాలకులకు దాన్ని దాచటం సులువు. వాళ్లు దాచినదాన్ని బయటపెట్టటం రచయిత పనీ, ఉపాధ్యాయుడి పనీ కాకపోతే మరెవరి పని? మీ వూరి అంగన్వాడీకి ఒకసారి వెళ్లండి. గోడకు వేళ్లాడే ఎదుగుదల పట్టిక చదవండి. అక్కడి కార్యకర్తను ఏం కావాలో అడగండి. ఆమె మళ్లీ రోడ్డెక్కిన నాడు ఆమె పక్కన నిలబడండి. ‘అన్నపూర్ణ’ అన్న మాట తర్వాత వాడుకోవచ్చు.